బంగారం మీద పాకే వెలుగు: పట్టుకోవడం తేలిక, వదిలేయడమే కష్టం

ఈ రోజు ఎపిసోడ్‌లో ఒక తూకం గురించి మాట్లాడుకుందాం. మామూలు తూకం కాదు. ఒక చదరపు మిల్లీమీటరు, అంటే ఆవగింజ కంటే చిన్న చోటు తీసుకోండి. దాని మీద ఒక పికోగ్రాము ప్రోటీన్ వచ్చి అంటుకుంది. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లో వంతు. అంత చిన్న బరువు వచ్చి వాలిందని, వాలుతుండగానే చెప్పగల మెషిన్ ఒకటుంది. దాంట్లో త్రాసు లేదు, రంగు లేదు, రేడియోధార్మిక పదార్థం లేదు. అసలు సరుకంతా ఒక గాజు పట్టకం, దాని మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని బంగారు పూత, గాజు వైపు నుంచి పడే కాంతి. అంతే.

దీని పేరు సర్ఫేస్ ప్లాస్మాన్ రెజొనెన్స్. ల్యాబుల్లో ముద్దుగా ఎస్‌పీఆర్ అంటారు. కొత్త మందు తయారయ్యేటప్పుడు అది శరీరంలో ఏ ప్రోటీన్‌కి అంటుకుంటుంది, ఎంత గట్టిగా అంటుకుంటుంది, ఎంతసేపు ఉంటుంది అని చూడటానికి ప్రపంచమంతా వాడేది ఇదే.

దీని చరిత్రలో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. దీనికి కావాల్సిన ఫిజిక్స్ 1968కే రెడీ. మార్కెట్లోకి మెషిన్ వచ్చింది 1990లో. మధ్యలో 22 ఏళ్ళు. ఈ 22 ఏళ్ళూ దేనికి పట్టాయి? కాంతి సరిపోకనా? కంప్యూటర్లు స్లోగా ఉండటం వల్లనా? జవాబు వేరే చోట ఉంది. అక్కడికి వెళ్ళాలంటే మొదటి నుంచి రావాలి.

గోడ అవతలికి జారే వెలుగు

ఇంటర్ ఫిజిక్స్ గుర్తు చేసుకోండి. గాజు లోపల నుంచి కాంతి బాగా వాలుగా వచ్చి అంచుకి తగిలితే బయటకు పోదు, మొత్తం వెనక్కి తిరుగుతుంది. సంపూర్ణాంతర పరావర్తనం. ఎగ్జామ్‌లో బొమ్మ గీసి మార్కులు కొట్టేశాం. కానీ ఆ బొమ్మలో చెప్పని సంగతి ఒకటుంది. కాంతి అంచు దగ్గర ఠక్కున ఆగిపోదు. అంచు దాటి అవతలికి కొంచెం, చాలా కొంచెం, చొచ్చుకొస్తుంది. అంచు నుంచి దూరం పెరిగేకొద్దీ గబగబా తగ్గిపోతుంది. దీన్ని ఎవనెసెంట్ అల అంటారు.

దీని జాడ న్యూటన్‌కే దొరికింది. ఒక పట్టకం మీద కొంచెం ఉబ్బుగా ఉన్న లెన్స్ పెట్టి చూశాడు. రెండు గాజులూ తాకిన చోట కాంతి అవతలికి దాటాలి, అది సహజం. కానీ తాకిన చుక్క కంటే పెద్ద వలయంలోంచి కాంతి దాటుతోంది. అంటే గాజులు తాకకపోయినా, మధ్యలో సన్నటి గాలి ఖాళీ ఉన్నా, కాంతి ఎగిరి అవతలికి పోతోంది. 1704లో వచ్చిన ఆయన ‘ఆప్టిక్స్’ పుస్తకంలో ఈ సంగతి ఉంది.

తర్వాతి ఘట్టం మన దేశంలోనే జరిగింది. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్రబోస్. కాంతి అల మరీ చిన్నది కాబట్టి గాలి ఖాళీని కొలవడం కష్టం. బోస్ దగ్గర తాను తయారు చేసిన చిన్న రేడియో తరంగాలున్నాయి. కొన్ని మిల్లీమీటర్లు, సెంటీమీటర్ల పొడవు. అంత పెద్ద అలలైతే ఖాళీ కూడా కంటికి కనిపించేంత పెద్దదవుతుంది. గాలి ఖాళీ మందం మార్చుతూ ఎంత తరంగం దాటుతోంది, ఎంత వెనక్కి వస్తోంది అని కొలిచి 1897లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. బోస్ అనగానే మనకు మొక్కలూ వైర్‌లెస్సూ గుర్తొస్తాయి. ఈ ప్రయోగం కూడా గుర్తు పెట్టుకోండి. 71 ఏళ్ళ తర్వాత ఈ గాలి ఖాళీయే మళ్ళీ మన కథలోకి వస్తుంది.

ఎందుకో తెలియదు, కానీ ఉంది

ఇప్పుడు 1902కి, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీకి వెళ్దాం. రాబర్ట్ వుడ్ అనే ప్రొఫెసర్. ఆయన చేతిలో ఒక లోహపు గ్రేటింగ్. అద్దంలా మెరిసే లోహం మీద దగ్గర దగ్గరగా సన్నటి గీతలు గీస్తే గ్రేటింగ్ అవుతుంది. తెల్ల కాంతి పడితే ఇంద్రధనుస్సులా విడగొడుతుంది. పాత సీడీ మీద రంగులు చూశారు కదా, అలాంటిదే.

ఆ రంగుల పట్టీలో వుడ్‌కి ఒక వింత కనిపించింది. ఒక చోట వెలుగు బాగా ఉంది, పక్కనే హఠాత్తుగా చీకటి. పదో వంతుకి పడిపోయింది. అంత మార్పు కూడా రంగులో ఎంత తేడాలో వచ్చిందంటే, సోడియం దీపం పసుపు కాంతిలో పక్కపక్కన ఉండే రెండు గీతల మధ్య దూరమంత, అంటే సుమారు 0.6 నానోమీటర్లు. అప్పటి ఆప్టిక్స్ ప్రకారం అంత తక్కువ తేడాలో అంత పెద్ద మార్పు రాకూడదు. పైగా పోలరైజర్ తిప్పితే ఒక దిశలో మాత్రమే ఈ వింత ఉంటోంది, ఇంకో దిశలో మాయం.

వుడ్ దగ్గర వివరణ లేదు. అయినా ఉన్నదున్నట్టు రాసి ప్రచురించాడు. వీటికి తర్వాత ‘వుడ్ అనామలీలు’ అని పేరు పడిపోయింది.

ఇదే వుడ్ గురించి ఇంకో కథ చెప్పాలి. పక్క దారి అనుకోకండి, చివర్లో పనికొస్తుంది. 1903లో ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరంలో రెనే బ్లాండ్లో అనే పేరున్న శాస్త్రవేత్త ఎన్-కిరణాలు అనే కొత్త కిరణాలు కనిపెట్టానన్నాడు. చీకటి గదిలో బలహీనమైన మెరుపు కొంచెం పెరిగిందా లేదా అని కంటితో చూడాలి. చాలామందికి కనిపించాయి. చాలామందికి కనపడలేదు. 1904లో వుడ్ స్వయంగా ఆ ల్యాబ్‌కి వెళ్ళాడు. చీకట్లో ప్రయోగం నడుస్తుండగా, పరికరం గుండెకాయ లాంటి అల్యూమినియం పట్టకాన్ని చప్పుడు కాకుండా తీసేశాడు. పట్టకం లేకుండా అసలు రీడింగే రాకూడదు. కానీ చూస్తున్నవాళ్ళు మాత్రం ఎప్పటిలాగే రీడింగులు చెబుతూ పోయారు. ఆ సంగతి ‘నేచర్’ పత్రికలో వచ్చాక ఎన్-కిరణాల కథ ముగిసింది.

రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండు చోట్లా కంటికి కనిపించిన చిన్న తేడానే. ఒకటి నిజం, ఒకటి భ్రమ. తేడా చిన్నదా పెద్దదా అన్నది తేల్చలేదు. అసలు కారణాన్ని తీసేస్తే రీడింగ్ పోతోందా లేదా, అది తేల్చింది. ఈ ఒక్క ప్రశ్నని జేబులో పెట్టుకోండి.

66 ఏళ్ళ చిక్కుముడి

వుడ్ చూసిన చీకటి గీతలకి 1907లో లార్డ్ రేలీ సగం జవాబు ఇచ్చాడు. గ్రేటింగ్ మీద పడి విడిపోయిన కిరణాల్లో ఒకటి సరిగ్గా ఉపరితలాన్ని రాసుకుంటూ పోయే పరిస్థితి వచ్చినప్పుడు ఇలా అవుతుందన్నాడు. ఎక్కడ జరుగుతుందో సుమారుగా కుదిరింది, పూర్తిగా కుదరలేదు. 1941లో ఉగో ఫానో అనే ఇటాలియన్ శాస్త్రవేత్త ఇంకో అడుగు వేశాడు: ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ప్రయాణించే అల ఒకటి ఉండాలి, కాంతి శక్తి దాంట్లోకి పోతోంది అన్నాడు.

ఆ అల ఏమిటో వేరే వైపు నుంచి తెలిసింది. 1957లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ల్యాబ్‌లో రూఫస్ రిచీ లెక్కలు వేస్తున్నాడు. ఆయన సమస్య కాంతి కాదు. పల్చటి లోహపు రేకులోంచి వేగంగా ఎలక్ట్రాన్లు దూసుకుపోతే ఎంత శక్తి కోల్పోతాయి అన్నది. లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు చెరువులో నీళ్ళలాంటివి అనుకోండి. లోపల కదిలిస్తే ఒక రకం ఊపు, పైన కదిలిస్తే ఇంకో రకం అల. రిచీ లెక్కలో ఈ పైపై అల బయటపడింది. 1959లో పావెల్, స్వాన్ అనే ఇద్దరు అల్యూమినియం, మెగ్నీషియం మీద ప్రయోగం చేసి నిజమేనని చూపించారు. 1960లో స్టెర్న్, ఫెరెల్ దానికి సర్ఫేస్ ప్లాస్మాన్ అని పేరు పెట్టారు. చివరికి 1968లో రిచీ బృందమే గ్రేటింగుల మీద పని చేసి, వుడ్ చూసిన వింతకి కారణం ఈ అలేనని ముడి వేసింది. 1902 నుంచి 1968. 66 ఏళ్ళు.

అల ఎక్కాలంటే వేగం కలవాలి

అదే 1968 జర్మనీలో కూడా పెద్ద సంవత్సరం. అక్కడివాళ్ళ ప్రశ్న ఇది: గీతలు గీసిన గ్రేటింగ్ అవసరం లేకుండా, చదునైన లోహం మీదే ఈ అలని కాంతితో ఎలా లేపాలి?

సమస్య ఏమిటంటే, చదునైన లోహం మీద మామూలుగా టార్చ్ వేస్తే ఈ అల లేవదు. ఎందుకో వైజాగ్ ఆర్కే బీచ్‌లో నిలబడితే తెలుస్తుంది. అల ఒడ్డుకి సమాంతరంగా వస్తే ఒడ్డు పొడవునా ఒకేసారి విరుగుతుంది. కొంచెం వాలుగా వస్తే, విరిగే చోటు ఒడ్డు వెంట పరిగెడుతున్నట్టు ఉంటుంది. వాలు ఎంత ఎక్కువైతే ఆ పరుగు అంత నెమ్మది. కాంతి అల లోహం మీద పడినా ఇంతే. లోహం వెంట ఆ పరుగు వేగమూ, సర్ఫేస్ ప్లాస్మాన్ వేగమూ సమానమైతేనే శక్తి చేతులు మారుతుంది. పక్కపక్కన పోతున్న రెండు బైకుల మధ్య వాటర్ బాటిల్ అందించుకోవాలంటే రెండూ ఒకే స్పీడ్‌లో ఉండాలి కదా, అలాగన్నమాట. కానీ సర్ఫేస్ ప్లాస్మాన్ నెమ్మది మనిషి. గాలిలో కాంతిని ఎంత వాల్చినా దాని పరుగు అంత నెమ్మదించదు.

గాజులో కాంతి వేగం మూడింట ఒక వంతు తగ్గుతుంది. ఇక్కడే కిటుకు. ఆండ్రియాస్ ఓటో ఏం చేశాడంటే, గాజు పట్టకంలో కాంతిని పంపి, దానికీ లోహానికీ మధ్య సన్నటి గాలి ఖాళీ వదిలాడు. న్యూటన్ చూసిన, బోస్ కొలిచిన అదే ఖాళీ. అంచు దాటి వచ్చిన ఎవనెసెంట్ అల లోహాన్ని తాకి ప్లాస్మాన్‌ని లేపింది. కానీ అంత సన్నటి ఖాళీని స్థిరంగా ఉంచడం నరకం. అదే ఏడాది హాంబర్గ్‌లో ఎర్విన్ క్రెచ్‌మన్, హైన్జ్ రేథర్ ఖాళీని తీసేశారు. లోహాన్నే 50 నానోమీటర్ల పల్చటి పూతగా పట్టకానికి అంటించేశారు. కాంతి గాజు వైపు నుంచి వస్తుంది, అల లోహానికి అవతలి వైపు లేస్తుంది. అవతలి వైపు ఖాళీగా ఉంది కాబట్టి అక్కడ నీళ్ళు పారించొచ్చు, రక్తం పోయొచ్చు. ఇప్పటికీ చాలా మెషిన్లలో ఉన్నది ఈ అమరికే.

సరైన కోణంలో కాంతి శక్తి ప్లాస్మాన్‌లోకి పోతుంది, కాబట్టి తిరిగొచ్చే కాంతి తగ్గిపోతుంది. గ్రాఫ్‌లో లోతైన గుంట పడుతుంది. ఇప్పుడు లోహం అవతలి వైపు నీళ్ళలో ఒక ప్రోటీన్ వచ్చి కూర్చుందనుకోండి. ప్రోటీన్ వక్రీభవన గుణకం నీటి కంటే ఎక్కువ. దాంతో ప్లాస్మాన్ ఇంకొంచెం నెమ్మదిస్తుంది. దాన్ని అందుకోవాలంటే కాంతి ఇంకొంచెం వాలాలి. గుంట పక్కకి జరుగుతుంది. ఆ జరుగుడే మన తూకం. చదరపు మిల్లీమీటరు మీద 1 నానోగ్రాము ప్రోటీన్ చేరితే గుంట సుమారు 0.1 డిగ్రీ జరుగుతుంది. దాన్ని 1000 భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని ఒక రెజొనెన్స్ యూనిట్ అన్నారు. ఒక యూనిట్ అంటే సుమారుగా మనం మొదట్లో చెప్పుకున్న ఒక పికోగ్రాము.

ఇంకో అందం ఏమిటంటే, ఈ అల లోహం నుంచి రెండు మూడు వందల నానోమీటర్ల దూరం వరకే చూస్తుంది. కరోనా వైరస్ సైజు సుమారు 100 నానోమీటర్లు. అంటే రెండు మూడు వైరస్‌లు పేర్చినంత ఎత్తు. అంతకు మించి పైన పారే ద్రవంలో ఏమున్నా దానికి పట్టదు.

ముద్ర వేయకుండా మనిషిని గుర్తుపట్టడం

దీని విలువ తెలియాలంటే అప్పటికి ఉన్న పద్ధతులు చూడాలి. రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ న్యూయార్క్‌లో 1950ల చివర్లో రక్తంలో ఇన్సులిన్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. రేడియోధార్మిక అయోడిన్‌ని ముద్రలాగా తగిలించి లెక్కపెట్టేవాళ్ళు. 1977లో యాలోకి నోబెల్ వచ్చింది. అప్పటికి బెర్సన్ లేరు. 1971లో స్టాక్‌హోమ్‌లో ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ రేడియోధార్మికత బదులు ఎంజైమ్ తగిలించారు. అదే ఎలీసా. మీరు చేయించుకున్న ఏదో ఒక రక్తపరీక్షలో అది ఉండే ఉంటుంది.

రెండూ గొప్ప పద్ధతులే. కానీ రెండిట్లోనూ ముద్ర తగిలించాలి, కడగాలి, చివర్లో లెక్క చూడాలి. మధ్యలో ఏం జరిగిందో కనపడదు. బస్సులో 40 సీట్లూ నిండాయని ఫొటో చూపిస్తే, జనం చివరి స్టాప్ దాకా కూర్చున్నారా, స్టాప్‌కి 40 మంది దిగి ఇంకో 40 మంది ఎక్కారా అని ఫొటో చెప్పదు. వీడియో కావాలి. మందుల విషయంలో ఇదే ప్రాణం. రెండు మందులు చివరి లెక్కలో సమానంగా అంటుకున్నట్టు కనిపించొచ్చు. ఒకటి గబగబా అంటుకుని గబగబా ఊడిపోతుంది. ఇంకోటి నెమ్మదిగా అంటుకుని గంటల తరబడి ఉంటుంది. శరీరంలో రెండిటి పని ఒకేలా ఉండదు.

ఎస్‌పీఆర్ ఆ వీడియో ఇస్తుంది. ఈ ఐడియా పట్టుకున్నది స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ అనే ఊళ్ళో ఇంగెమార్ లుండ్‌స్ట్రోమ్, బో లీడ్‌బెరి, క్లాస్ నూలాండర్. ముందు మత్తుమందు వాయువుని పసిగట్టడానికి వాడి చూశారు. 1983లో లోహపు పూత మీద ఒక యాంటీబాడీని పట్టించి, దానికి అంటుకునే ఇంకో యాంటీబాడీని వదిలి, అది అంటుకోవడాన్ని గ్రాఫ్ మీద చూపించారు.

ఇక అయిపోయింది కదా, అమ్మేయొచ్చు కదా? అక్కడే ఉంది అసలు చిక్కు.

అన్నీ అంటుకుంటాయి

మనం వెతికే ప్రోటీన్ ఒకటి. కానీ లోహం ప్రోటీన్లకి జిగురు కాగితం. ఏది వచ్చినా అంటుకుంటుంది. కాంతికి మాత్రం పేర్లు తెలియవు. ఏదో బరువు వచ్చిందని చెబుతుంది, ఎవరొచ్చారో చెప్పదు. కోడింగ్ చేసేవాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే, రెజెక్స్‌లో డాట్ స్టార్ పెట్టినట్టు. అన్నీ మ్యాచ్ అవుతాయి. అన్నీ మ్యాచ్ అయితే ఏమీ మ్యాచ్ కానట్టే.

ఎంత కష్టమో ఒక లెక్క చూడండి. ఒక మిల్లీలీటరు సీరంలో మొత్తం ప్రోటీన్ సుమారు 70 మిల్లీగ్రాములు. మనకి కావాల్సిన జబ్బు మార్కర్ అందులో 1 నానోగ్రాము ఉందనుకుందాం. 7 కోట్లకి ఒకటి. ఇంచుమించు రెండు తెలుగు రాష్ట్రాల జనమంతా ఒకే తలుపు ముందు నిలబడితే, అందులో ఒక్కరిని మాత్రమే లోపలికి రానివ్వాలి. తలుపు ఎంత సున్నితంగా తెరుచుకుంటుందన్నది ఇక్కడ సమస్య కాదు. వాచ్‌మన్ కావాలి.

ఆ వాచ్‌మన్ ఫిజిక్స్ నుంచి రాలేదు. రెండు చోట్ల నుంచి వచ్చాడు.

మొదటిది, 1983లోనే అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో రాల్ఫ్ నుజో, డేవిడ్ అలారా చూపించిన సంగతి. గంధకం ఉన్న అణువులు బంగారం మీద వాటంతట అవే వరుసగా నిలబడి ఒకే ఒక్క పొరగా సర్దుకుంటాయి. నారుమడిలో నారులాగా. మొదలు బంగారంలో, తల పైకి. ఆ తలకి మనకి కావాల్సింది కట్టుకోవచ్చు.

రెండోది చక్కెర. చెరుకు రసం తీసి అలాగే వదిలేస్తే ఒక రకం బాక్టీరియా చేరి రసం జిగటగా సాగుతుంది. చక్కెర మిల్లులకి అదో తలనొప్పి. ఆ జిగటలో ఉండే పొడవాటి చక్కెర గొలుసు పేరు డెక్స్‌ట్రాన్. స్వీడన్‌లోని ఉప్సలాలో 1940ల్లో దాన్ని శుద్ధి చేసి, రక్తం బాగా పోయినవాళ్ళకి ఎక్కించే ద్రవంగా మార్చారు. అమ్మింది ఫార్మాసియా అనే కంపెనీ. అదే డెక్స్‌ట్రాన్‌ని పూసలుగా చేసి 1959లో సెఫడెక్స్ పేరుతో ప్రోటీన్లని వేరు చేసే జెల్‌గా తెచ్చారు. అంటే డెక్స్‌ట్రాన్‌కి నీళ్ళంటే ఇష్టం, ప్రోటీన్లు దానికి ఊరికే అంటుకోవు అని ఆ కంపెనీకి దశాబ్దాలుగా తెలుసు.

1984లో ఇదే ఫార్మాసియా బయోసెన్సర్ అనే కొత్త కంపెనీ పెట్టింది. లిన్‌షోపింగ్ ఫిజిక్స్‌నీ, గంధకపు పొరనీ, సొంత డెక్స్‌ట్రాన్‌నీ కలిపింది. బంగారం మీద గంధకపు పొర, దాని మీద సుమారు 100 నానోమీటర్ల డెక్స్‌ట్రాన్ గడ్డి. ఆ గడ్డికి మనకి కావాల్సిన ప్రోటీన్‌ని మాత్రమే కడతారు. మిగతావి వచ్చినా పట్టు దొరక్క నీళ్ళతో కొట్టుకుపోతాయి. పైగా గడ్డిలో కట్టిన ప్రోటీన్ బంగారాన్ని తాకి పాడవకుండా, ద్రవంలో ఉన్నట్టే ఉంటుంది. 1990లో బయాకోర్ పేరుతో మెషిన్ మార్కెట్లోకి వచ్చింది.

ఇదండీ ఆ 22 ఏళ్ళ సంగతి. కాంతి చూడటం 1968లోనే నేర్చుకుంది. ఏది పట్టుకోకూడదో ఉపరితలం నేర్చుకోవడానికే మిగతా కాలం పట్టింది.

వుడ్ తీసేసిన పట్టకం, ఈ చిప్ మీద

అప్పటికీ పని పూర్తి కాదు. నీటి వక్రీభవన గుణకం ఒక డిగ్రీ సెల్సియస్ వేడికి సుమారు పదివేలలో ఒక వంతు మారుతుంది. ఎస్‌పీఆర్‌లో ఒక యూనిట్ అంటే పది లక్షల్లో ఒక వంతు. కాబట్టి ల్యాబ్‌లో ఏసీ ఆగి చిప్ మీద నీళ్ళు ఒక్క డిగ్రీ వేడెక్కితే, 100 యూనిట్ల ప్రోటీన్ వచ్చి వాలినట్టు గ్రాఫ్ లేస్తుంది. ఏ ప్రోటీనూ రాలేదు. వేడి వచ్చింది.

అందుకే చిప్ మీద కనీసం రెండు దారులు ఉంచుతారు. ఒకదాంట్లో మనం వెతికేదాన్ని పట్టే ప్రోటీన్ ఉంటుంది. రెండోదాంట్లో ఉండదు. మిగతా అంతా సేమ్. ఒకే ద్రవాన్ని రెండిట్లోంచీ పంపి, మొదటి రీడింగ్‌లోంచి రెండోది తీసేస్తారు. రెండు ఫైళ్ళకి డిఫ్ తీసినట్టు. వేడి, ఉప్పు, ఊరికే అంటుకున్న చెత్త రెండిట్లోనూ ఉంటాయి కాబట్టి కొట్టేసుకుపోతాయి. మిగిలిందే నిజం. ఇందాక జేబులో పెట్టుకోమన్న ప్రశ్న ఇదే. కారణాన్ని తీసేస్తే రీడింగ్ పోతోందా? నాన్సీలో వుడ్ చీకట్లో ఒకసారి చేసిన పనిని ఈ చిప్ ప్రతిసారీ తన మీద తానే చేసుకుంటుంది.

2020లో ఏం జరిగింది

ఇది ఎంత ముఖ్యమో కోవిడ్ మొదట్లో తేలింది. 2020 ఫిబ్రవరిలో టెక్సాస్ యూనివర్సిటీలో జేసన్ మెక్‌లెల్లన్ బృందం కొత్త వైరస్ స్పైక్ ప్రోటీన్ ఆకారాన్ని బయటపెట్టింది. అదే పేపర్‌లో ఎస్‌పీఆర్‌తో కొలిచి, ఈ స్పైక్ మన కణాల మీది ఏస్2 ప్రోటీన్‌కి పాత సార్స్ స్పైక్ కంటే 10 నుంచి 20 రెట్లు గట్టిగా అంటుకుంటోందని చెప్పింది. కొన్నాళ్ళకే సియాటిల్‌లో డేవిడ్ వీస్లర్ బృందం, కాంతితోనే పనిచేసే ఇంకో ఉపరితల పద్ధతిలో కొలిస్తే, తేడా సుమారు 4 రెట్లే వచ్చింది.

ఎవరు తప్పు? ఎవరూ కాదు. వాడిన ప్రోటీన్ ముక్కలు వేరు, పద్ధతి వేరు, ఉపరితలం మీద వాటిని నిలబెట్టిన తీరు వేరు. కొత్త వైరస్ గట్టిగా అంటుకుంటోంది అన్న దిశ ఒకటే. ఎన్ని రెట్లు అన్న అంకె మాత్రం ఉపరితలాన్ని ఎలా తయారు చేశారన్న దాన్ని బట్టి మారింది. వార్తల్లో మనకి 20 రెట్లు అన్న అంకె ఒక్కటే వచ్చింది, చిప్ మీద ఏముందో రాలేదు.

మరి మన ఫోన్‌లోకి ఎప్పుడు?

2012లోనే అదే లిన్‌షోపింగ్ నుంచి డానియేల్ ఫిలిప్పిని బృందం ఫోన్‌తో ఎస్‌పీఆర్ చేసి చూపించింది. ఫోన్ స్క్రీనే దీపం, ఫ్రంట్ కెమెరాయే కన్ను. మధ్యలో పారేయదగ్గ చిన్న ఆప్టికల్ ముక్క. మీరిప్పుడు నన్ను చూస్తున్న ఫోన్‌లో కావాల్సిన దీపమూ కన్నూ రెండూ ఉన్నాయన్నమాట. ఇంకో వైపు బంగారం లేకుండానే, రెండు రకాల గాజులాంటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి అంచున అలని నడిపే దారి కూడా ఉంది. బ్లాక్ సర్ఫేస్ వేవ్ అంటారు. దీని సిద్ధాంతం 1970ల చివర్లో కాల్‌టెక్‌లో పోచీ యే, అమ్నాన్ యారివ్ బృందం వేసింది. బంగారం కాంతిని కొంత మింగేస్తుంది, ఈ పొరలు దాదాపు మింగవు. అందుకే గ్రాఫ్‌లో గుంట ఇంకా సన్నగా, ఇంకా పదునుగా పడుతుంది. చాలా ల్యాబులు దీని మీద పనిచేస్తున్నాయి.

కానీ గుంట ఎంత పదునైనా పాత ప్రశ్న పోదు. పదును పెరిగితే కావాల్సినదీ బాగా కనిపిస్తుంది, అక్కర్లేనిదీ బాగా కనిపిస్తుంది. మన వేలి మీద రక్తపు చుక్క, మే నెల ఎండ, వణికే చెయ్యి, ఇవన్నీ తట్టుకుని ఆ ఒక్క మార్కర్‌ని మాత్రమే పట్టే ఉపరితలం కావాలి. అది నెలల తరబడి డబ్బాలో పాడవకుండా ఉండాలి. చౌకగా ఉండాలి. కెమెరా మెగాపిక్సెల్స్ పెంచితే వచ్చేది కాదు ఇది.

ముందు ముందు మీ చేతికి, జేబుకి, చెమటకి రకరకాల హెల్త్ సెన్సర్లు వస్తాయి. ప్రతి యాడ్‌లోనూ ‘అత్యంత సెన్సిటివ్’ అనే మాట ఉంటుంది. అప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఇది దేన్ని పట్టుకోదు? రెండు, జబ్బు లేనివాడి మీద పెడితే ఏం చూపిస్తుంది? ఈ రెండిటికీ జవాబు లేని సెన్సర్, పట్టకం తీసేసిన చీకటి గదిలో రీడింగులు చెబుతున్నట్టే.

మీ ఇంట్లో గ్లూకోమీటరో, ప్రెగ్నెన్సీ కిట్టో, కోవిడ్ కిట్టో ఉంటే దాని కాగితం ఒకసారి విప్పి చదవండి. కంట్రోల్ గురించి ఏం రాశారో కామెంట్‌లో పెట్టండి. ప్రెగ్నెన్సీ, కోవిడ్ కిట్లలో చాలావాటిలో కనిపించే ఎర్ర గీత కూడా బంగారమే తెలుసా? బంగారం నానో సైజులో ఎందుకు ఎర్రగా ఉంటుందో వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను మరి.